ఏం కాలేదన్నా: షోల సీజన్ ముందు మన రెజ్లర్లకు జాగ్రత్తలు

పోయిన వారం సిటీ శివార్లలో, ఓ ఫంక్షన్ హాల్‌లో జరిగిన ప్రో రెజ్లింగ్ షోలో (గెలుపోటములు ముందే అనుకుని ఆడే కుస్తీ), ఇరవై రెండేళ్ల కుర్రాడి తల వెనకవైపు రింగ్ అంచుకు కొట్టుకుంది. లేచాడు, మ్యాచ్ పూర్తి చేశాడు, జనం ఈలలు వేశారు. లోపలికి వచ్చాక అడిగితే "ఏం కాలేదన్నా, మంచిగనే ఉన్న" అన్నాడట. ట్యాగ్ మ్యాచ్‌కి (జట్ల మ్యాచ్‌కి) ఒకరు తక్కువ పడ్డారని గంట తిరక్కుండానే మళ్లీ దింపారు. రాత్రి హాస్టల్ గదిలో వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ మాట ఇంకా తడబడుతోంది.

దసరా దాటింది. ఇక ఎండలు ముదిరేదాకా మనకు షోల కాలం: కాలేజీ ఫెస్టులు, మాల్ ఈవెంట్లు, ఓపెన్ గ్రౌండ్లు. దానికి తోడు అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ట్రైఅవుట్‌కి (ఎంపిక పరీక్షకి) పంపాల్సిన క్లిప్పుల తొందర. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనాని కళ్లారా చూసినప్పటి నుంచి మన పిల్లల్లో ఆశ ఇంకా పెరిగింది. హిమాచల్ పల్లెలో పుట్టిన ఖలీ 2007లో అక్కడ వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. సల్వార్ కమీజ్‌లో బరిలోకి దిగిన కవితా దేవి 2017లో వాళ్ల మహిళల టోర్నీ మే యంగ్ క్లాసిక్‌లో ఆడింది. మన హైదరాబాద్ నుంచి కూడా ఎవరో ఒకరు వెళ్లాలి. వెళ్లేదాకా మీ తల, మీ మెడ మిగలాలని ఇది రాస్తున్నా.

నేను రిఫరీని. రింగ్‌లో మీకు అడుగు దూరంలో ఉండే మనిషిని. వార్మప్ చెయ్యండి, గడ్డం ఛాతీకి ఆనించి బంప్ తీసుకోండి (నేల మీద పడండి), నీళ్లు తాగండి అని నేను చెప్పక్కర్లేదు. అవి మొదటి వారంలోనే నేర్పి ఉంటారు. నేను ముఖ్యంగా చెప్పేది ఒకే తప్పు గురించి. దాని వల్ల దెబ్బతిన్నవాళ్లను ఎక్కువగా చూశాను కాబట్టి చెబుతున్నా.

ఆ ఒక్క తప్పు

తలకు దెబ్బ తగిలిన రోజు మళ్లీ రింగ్ ఎక్కడం. అంతే.

స్పృహ తప్పలేదు కదా అంటారు. స్పృహ తప్పకుండానే కంకషన్ (తల కుదుపుకి మెదడుకు తగిలే దెబ్బ) వస్తుంది. ఎక్కువ సార్లు అలాగే వస్తుంది. కళ్లు బైర్లు కమ్మడం, లైట్లు గుచ్చుకున్నట్టు ఉండడం, తర్వాతి స్పాట్ (ముందే అనుకున్న మూవ్) గుర్తుకు రాకపోవడం, కారణం లేకుండా ఏడుపో కోపమో రావడం, ఇవన్నీ దాని లక్షణాలే. కొన్ని అప్పుడే కనిపిస్తాయి, కొన్ని గంటల తర్వాత, ఇంకొన్ని మర్నాడు. రింగ్‌లో ఒంటికి ఎక్కిన వేడిలో నీకే తెలియదు. అందుకే ఆ క్షణంలో "మంచిగనే ఉన్న" అని నువ్వు చెప్పే మాటకు విలువ లేదు. అబద్ధం చెబుతున్నావని కాదు. జవాబు చెప్పాల్సిన మెదడుకే దెబ్బ తగిలింది కదా.

మొదటి దెబ్బకు మెదడులో రక్తప్రసరణను అదుపు చేసే ఏర్పాటు చెదురుతుంది. అది కుదుటపడకముందే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదైనా సరే, మెదడు నిమిషాల్లో వాచిపోవచ్చు. అరుదే. కానీ జరిగితే ఆస్పత్రికి చేరే వ్యవధి కూడా ఉండకపోవచ్చు, పైగా ఇది కుర్రవయసు ఆటగాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. రెండో దెబ్బ పడకపోయినా లోపల రక్తం మెల్లగా కారుతూ ఉండొచ్చు. మనిషి మామూలుగా మాట్లాడి, బిర్యానీ తిని, పడుకుని, ఇక లేవకపోవచ్చు.

ఇంకో కారణం ఎవరూ చెప్పరు. మన ఆటలో ఎదుటివాడి మెడ నీ చేతుల్లో ఉంటుంది. దెబ్బ తిన్న తలతో నీ స్పందన అర సెకను ఆలస్యమైతే పడేది నువ్వు కాదు, నిన్ను నమ్మి గాల్లోకి లేచినవాడు.

బాక్సింగ్‌లో డాక్టర్ ఉంటాడు, నాకౌట్ అయితే ఇన్ని రోజులు ఆడొద్దని ఆపే నియమం ఉంటుంది. మన పాతబస్తీ తాలీంలో (మట్టి బరి ఉన్న కుస్తీ శాలలో) అయితే ఉస్తాద్ ఒక్క కేక వేస్తే పహిల్వాన్ బయటికి వచ్చేస్తాడు. పెద్ద కంపెనీ లేని మనలాంటి ఇండీ షోలో నిన్ను ఆపే సంఘం లేదు, ఫెడరేషన్ లేదు. పైగా నొప్పిని నటించడమే మన విద్య. నిజంగా దెబ్బ తగిలి తూలుతుంటే జనం సెల్లింగ్ (నొప్పి నటన) అదిరిందని చప్పట్లు కొడతారు. తోటి రెజ్లర్‌కి కూడా ఒక్కోసారి తేడా తెలియదు.

క్రిస్ నొవిన్స్కీ హార్వర్డ్‌లో చదివి డబ్ల్యూడబ్ల్యూఈలోకి వచ్చినవాడు. 2003లో తలకు తన్ను తగిలితే బయటికి చెప్పకుండా కొన్ని వారాలు అలాగే ఆడాడు. తలనొప్పి తగ్గలేదు, నిద్ర చెడింది, కెరీర్ అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత మెదడు గాయాల మీద పరిశోధన కోసం సంస్థ పెట్టి ఆ పనిలోనే ఉన్నాడు. డేనియల్ బ్రయన్‌ని తీసుకో. అంత పెద్ద స్టార్‌ని కంపెనీ డాక్టర్లే ఆడనివ్వలేదు. 2016 ఫిబ్రవరిలో రిటైర్మెంట్ ప్రకటించాల్సి వచ్చింది. పరీక్షలన్నీ చేయించుకుని 2018లో తిరిగి వచ్చాడు. అంటే నువ్వు వెళ్లాలనుకుంటున్న చోట తలకు దెబ్బ తగిలినవాణ్ని కూర్చోబెడతారు. అక్కడికి వెళ్లడానికే ఇక్కడ దాచడంలో అర్థమేముంది?

మళ్లీ చెబుతున్నా. తలకు దెబ్బ తగిలిన రోజు మళ్లీ రింగ్ ఎక్కొద్దు. మెయిన్ ఈవెంట్ అయినా, స్కౌట్ (కంపెనీ తరఫున కుర్రాళ్లను ఎంచేవాడు) ముందు వరసలో కూర్చున్నా, అమ్మానాన్నలు మొదటిసారి చూడటానికి వచ్చినా.

తగిలాక ఏం చెయ్యాలి

షోకి ముందే రిఫరీతో, ఎదుటివాడితో సైగ మాట్లాడుకో. నేను చెయ్యి పట్టుకుని నొక్కుతాను, నువ్వు తిరిగి నొక్కితే తెలివిలో ఉన్నట్టు. నొక్కకపోతే రెండు చేతులూ పైకెత్తి ఎక్స్ గుర్తు వేస్తాను, అంటే దెబ్బ నిజమైనదే, మ్యాచ్ ఆపాలని. ఆ గుర్తు కథలో భాగంగా వాడొద్దు, ఎంత మంచి యాంగిల్ (కథ మలుపు) అయినా సరే. ఒకసారి నాటకానికి వాడితే నిజంగా అవసరమైన రోజు ఎవరూ కదలరు.

తిరిగి నొక్కినా తలకు తగిలింది అనుమానముంటే ఫినిష్‌కి (ముగింపుకి) వెళ్లిపోవాలి. చుట్టి పిన్ చెయ్యి (భుజాలు నేలకి ఆనించు), లేదా కౌంటౌట్ (రింగ్ బయట ఉండిపోయి ఓడిపోవడం). జనానికి ముగింపు నచ్చకపోతే నచ్చకపోనీ. మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిరి, కాళ్లు కదలకపోవడం ఉంటే మాత్రం ఫినిష్ కూడా వద్దు. అక్కడే ఆపి, తల కదలకుండా పట్టుకుని, 108 వచ్చేదాకా ఎవరూ లేపొద్దు. చంకల కింద చేతులు వేసి లాక్కెళ్లి ఆటోలో పడేయడం మన దగ్గర మామూలైపోయింది. విరిగిన మెడను అలా కదిపితే వెన్నుపాము తెగిపోవచ్చు.

లోపలికి వచ్చాక అడగాల్సినవి: ఇది ఏ హాలు? ఎవరితో ఆడావు? ఫినిష్ ఏంటి? తడుముకుంటే అయిపోయింది, ఆ రోజుకి ఆట లేదు. తడుముకోకపోయినా ఆ రోజుకి ఆట లేదు.

వాంతులు ఆగకపోవడం, తలనొప్పి పెరుగుతూ పోవడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, మాట ముద్దగా రావడం, ముక్కు నుంచో చెవి నుంచో రక్తమో నీళ్లలాంటి ద్రవమో రావడం, లేపితే లేవకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా న్యూరోసర్జరీ ఉన్న ఆస్పత్రికే. పంజాగుట్ట నిమ్స్, సికింద్రాబాద్ గాంధీ, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా. పక్క వీధి క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించుకుంటూ గంట పోగొట్టొద్దు.

సీటీ స్కాన్ క్లియర్‌గా వచ్చిందని గంతులేస్తారు. సీటీ చూసేది రక్తస్రావాన్ని, ఎముకలు విరగడాన్ని. కంకషన్ అందులో కనపడదు. క్లియర్ రిపోర్ట్ అంటే ఆపరేషన్ అక్కర్లేదని అర్థం, ఆడొచ్చని కాదు.

తిరిగి రావడానికి ఒక వరస ఉంది. 2022 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు ఆరు మెట్లు చెప్పారు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, కాస్త నడక. తర్వాత సైకిల్ లాంటి తేలిక వ్యాయామం. ఆ తర్వాత తలకు తగిలే అవకాశం లేని డ్రిల్స్, మనకైతే ఫుట్‌వర్క్. తర్వాత ఒంటరిగా గట్టి ప్రాక్టీస్. డాక్టర్ సరే అన్నాకే బంపులు. షో అన్నిటికన్నా చివర. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, మొదటి మూడు మెట్లలో లక్షణాలు పెరిగితే ఆపి మర్నాడు మళ్లీ చూడాలి, ఆ తర్వాతి మెట్లలో మళ్లీ కనిపిస్తే డ్రిల్స్ మెట్టుకి వెనక్కి. బ్రిటన్‌లో 2023లో మామూలు క్లబ్బు ఆటగాళ్లకిచ్చిన సూచనల్లో 21 రోజుల లోపు పోటీకి దిగొద్దన్నారు. నీ వెనక డాక్టర్ల బృందం లేదు కాబట్టి ఆ 21 రోజులనే నీ లెక్కగా పెట్టుకో.

రింగ్, మూవ్‌లు

తాలీంలో మట్టిని తవ్వి, నూనె, పసుపు కలిపి మెత్తగా ఉంచుతారు. మన రింగ్ అంటే ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలచని ఫోమ్, పైన కాన్వాస్. అద్దెకు తెచ్చినది అయితే ఎవరు బిగించారో కూడా తెలియదు. గేట్లు తెరవకముందే చెప్పులు విప్పి మూల మూలా తొక్కి చూడు. పలకల మధ్య సందు, ఫోమ్ జారిన చోటు, తాళ్లను మూలన బిగించే టర్న్‌బకిల్ వదులైతే అదీ కాలికే తెలుస్తాయి. తాళ్ల మీద నీ బరువు వేసి చూడు. ఏప్రన్ (తాళ్లకి బయట మిగిలే చోటు) అంచు రింగ్‌లోకెల్లా గట్టి చోటు. అక్కడ ఏ స్పాట్ వద్దు.

పైల్‌డ్రైవర్ (ఎదుటివాణ్ని తలకిందులుగా పట్టుకుని తల నేలకి దించే మూవ్) వద్దు. 1997 సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్ హార్ట్ అంతటి ఆరితేరినవాడు వేస్తేనే స్టీవ్ ఆస్టిన్ మెడ దెబ్బతింది. కాసేపు కాళ్లూ చేతులూ కదల్లేదు, 2003కల్లా రెగ్యులర్ ఆట ముగిసింది. రింగ్ బయట సప్లెక్స్ (ఎదుటివాణ్ని ఎత్తి వెనక్కి విసిరే మూవ్) వద్దు. 2022 మార్చిలో బిగ్ ఈ మెడ విరిగింది అక్కడే. ఆయన పక్కన డాక్టర్లు ఉన్నారు. నీ పక్కన సౌండ్ సిస్టమ్ కుర్రాడు ఉంటాడు.

తలకు కుర్చీ దెబ్బ వద్దు. డబ్ల్యూడబ్ల్యూఈయే 2010లో ఆపేసింది.

ఇక మిగతావి

క్లిప్ కోసం, ప్రాక్టీస్‌లో చెయ్యని మూవ్ షోలో చెయ్యొద్దు.

మూన్‌సాల్ట్ (వెనక్కి పల్టీ కొట్టి దూకడం) కన్నా ముందు శుభ్రమైన లాక్-అప్ (మొదట్లో ఇద్దరూ పట్టుకోవడం), శుభ్రమైన బంప్ వీడియో తీసుకో. చూసేవాళ్లు అవే చూస్తారు.

తలకు తగిలిన రాత్రి బండి నడపొద్దు. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఓఆర్ఆర్ మీద ఒంటరిగా బైక్ మీద వచ్చానని గొప్పగా చెప్పినవాడు ఉన్నాడు.

ఆ రాత్రి మందు వద్దు. నిద్ర మాత్ర వద్దు. నొప్పికి ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్, వాటితో కలిసిన మాత్రలు వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. పారాసిటమాల్ చాలు.

పడుకోవచ్చు. గదిలో ఒంటరిగా మాత్రం వద్దు. రూమ్మేట్‌కి జరిగింది చెప్పి, పైన రాసిన ప్రమాద గుర్తులు అతని ఫోన్‌కి పంపి పడుకో.

జిమ్‌లో ఎవరో ఇచ్చే ఇంజెక్షన్ వద్దు. మెఫెంటర్మైన్ అనేది ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోయినవాళ్లకి ఇచ్చే మందు. మన సిటీలోనే జిమ్ కుర్రాళ్లకి అమ్ముతూ దొరికిన కేసులు పేపర్లలో వచ్చాయి. గుండెను పరుగు పెట్టిస్తుంది, అలసట తెలియనివ్వదు. దెబ్బ తగిలినా తెలియనివ్వదు.

నుదురు కోసుకుని రక్తం చూపించడం వద్దు. ఎవరు అడిగినా వద్దు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయించుకో.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో మధ్యాహ్నం ప్రాక్టీస్ పెడితే వెళ్లకు.

ట్రైఅవుట్ ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడికి పైసా ఇవ్వొద్దు. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

నీ హెల్త్ పాలసీలో మినహాయింపుల పేరా చదువు. ప్రమాదకరమైన ఆటల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని తగిలిన గాయాలకు డబ్బు రాదని చాలా పాలసీల్లో ఉంటుంది. ముందే కంపెనీకి రాసి అడుగు, జవాబు రాతలో తీసుకో.

అంబులెన్స్ లేని షో ఆడొద్దు. ఉందంటే చాలదు, బయటికి వెళ్లి చూడు. ఫంక్షన్ హాల్ గేటుకి అడ్డంగా కార్లు ఉంటే తీయించేదాకా బూట్లు కట్టొద్దు.

ఇంకొకరు రాలేదని రెండో మ్యాచ్‌కి దిగమంటే, ముందు మ్యాచ్‌లో తలకు చిన్నగానైనా తగిలి ఉంటే, దిగొద్దు. ప్రమోటర్ కోప్పడితే కోప్పడనీ. డబ్బు కోస్తే కోయనీ. ఇంకెప్పుడూ పిలవనంటే వదిలెయ్.

తోటివాడు దాస్తుంటే నువ్వు చెప్పు. చెల్లెళ్లకీ ఇదే మాట, "ఆడపిల్ల కాబట్టి తట్టుకోలేదు" అంటారేమోనని మీరు ఇంకా ఎక్కువ దాస్తున్నారు. దాయొద్దు.

ప్రమోటర్లకి ఒక మాట. కుర్రాడు "ఏం కాలేదన్నా" అంటే నమ్మొద్దు. కార్డులో (ఆ రోజు మ్యాచ్‌ల జాబితాలో) ఒక మ్యాచ్ తగ్గించండి.

మొదటి షోకి ముందు ఒక కాగితం మీద నీ పేరు, బ్లడ్ గ్రూప్, వాడే మందులు, ఇంతకుముందు తలకో మెడకో తగిలిన దెబ్బలు, ఇంట్లో ఫోన్ ఎత్తే ఒకరి నంబర్ రాసి రిఫరీకి ఇవ్వు. ఆ కాగితం ఇవ్వనివాళ్ల మ్యాచ్‌కి నేను బెల్ కొట్టించను.