గేమ్‌లో నీటి అలలు, వాటిపై తేలే వస్తువులు: ఎలా చేయాలి?

గేమ్‌లో నీరు రెండు చోట్ల ఉంటుంది. కంటికి కనిపించేది జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) షేడర్‌లో, అంటే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాంలో; తెప్పను తేల్చేది సీపీయూలో నడిచే ఫిజిక్స్‌లో. రెండింటికీ ఒకే సూత్రం, ఒకే గడియారం లేకపోతే తెప్ప గాలిలో ఊగుతుంది, లేదా అల దాని మీదుగా పోతుంది.

1. అలలు

సైన్ అలల శిఖరాలు మరీ గుండ్రంగా వస్తాయి. గెర్‌స్ట్‌నర్ అలల్లో నీటి బిందువు ముందుకూ వెనక్కూ కూడా కదులుతుంది కాబట్టి శిఖరం మొనదేలుతుంది. నాలుగు అలలు చాలు: తరంగదైర్ఘ్యాలు 20, 12, 7, 4 మీటర్లు; సగటు మట్టం నుంచి ఎత్తులు 0.4, 0.25, 0.15, 0.08. దిశలు గాలికి అటూ ఇటూ 40 డిగ్రీలు దాటకూడదు.

తరంగ సంఖ్య = 6.283 ÷ తరంగదైర్ఘ్యం
కోణీయ వేగం = వర్గమూలం (9.81 × తరంగ సంఖ్య)
దశ = తరంగ సంఖ్య × అల దిశలో దూరం − కోణీయ వేగం × కాలం

నిలువు కదలిక = ఎత్తు × సైన్(దశ), అడ్డ కదలిక (అల దిశలో) = ఎత్తు × కొసైన్(దశ). కొసైన్ గుర్తు తారుమారైతే శిఖరాలు గుండ్రంగా, పల్లాలు పదునుగా కనిపిస్తాయి. ఒక్కో అలకు తరంగ సంఖ్యను ఎత్తుతో గుణించి కూడండి; మొత్తం 1 దాటితే శిఖరాల దగ్గర మెష్ (నీటి ఉపరితలాన్ని గీసే వల) మెలిపడుతుంది. పై అంకెలకు అది సుమారు 0.52. వెర్టెక్స్‌ల (మెష్ మూల బిందువుల) మధ్య దూరం 0.5 మీటరు మించనివ్వకండి, లేదంటే 4 మీటర్ల అల గతుకులుగా కనిపిస్తుంది.

2. ఒక చోట నీటి ఎత్తు

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బిందువులు పక్కకు జరిగాయి కనుక, తెప్ప ఉన్న చోటును నేరుగా సూత్రంలో పెడితే వేరే చోటి ఎత్తు వస్తుంది. మొదటి అంచనాగా తెప్ప ఉన్న చోటునే తీసుకోండి. అంచనా దగ్గర అడ్డ కదలిక లెక్కగట్టి, తెప్ప ఉన్న చోటు నుంచి తీసేస్తే కొత్త అంచనా వస్తుంది. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే సరిపోతుంది.

3. తేలే బలం

తెప్ప 2 × 2 × 0.5 మీటర్లు, 1000 కిలోలు అనుకుందాం. అడుగున నాలుగు మూలల్లో బిందువులు పెట్టండి. ఒక్కోదాని వాటా 0.5 ఘనపు మీటరు. మునిగిన లోతును తెప్ప మందం 0.5తో భాగించి 0, 1 మధ్య ఆపండి. దాన్ని ఆ వాటా నీటి బరువైన 4905 న్యూటన్లతో గుణించి, ఆ బిందువు దగ్గరే పైకి ప్రయోగించండి. బలం కేంద్రం దగ్గర పెడితే తెప్ప ఎగిరిపడుతుందే తప్ప అలతో పాటు వాలదు. నిశ్చల నీటిలో సరిగ్గా సగం మునగాలి. మునగకపోతే ముందు ద్రవ్యరాశి చూడండి.

4. నిరోధం

ఇది లేకపోతే తెప్ప సెకనుకోసారి ఊగుతూనే ఉంటుంది. మునిగిన ప్రతి బిందువుకూ సెకనుకు మీటరు వేగానికి 1000 న్యూటన్ల చొప్పున ఎదురు బలం ఇవ్వండి. 3100 దగ్గర ఊగడమే ఆగిపోతుంది. ఇక్కడ వేగం అంటే నీటితో పోల్చిన వేగం. నిలకడ లోకంతో పోలిస్తే తెప్ప అలను అందుకోలేక వెనకబడుతుంది. ఇదంతా స్థిర కాలవ్యవధి అప్‌డేట్‌లోనే, 0.02 సెకన్లకోసారి జరగాలి. గీసే ఫ్రేమ్ కాలం ఫిజిక్స్ కాలానికి కాస్త ముందుంటుంది కనుక తెప్ప స్థానాన్ని ఇంటర్‌పొలేట్ చేసి (చివరి రెండు ఫిజిక్స్ స్థానాల మధ్య లెక్కగట్టి), షేడర్‌కూ ఆ ఇంటర్‌పొలేట్ చేసిన స్థానపు కాలమే పంపండి.

నీటిలో సగం సాంద్రత ఉన్న ఘనాకార పెట్టె ఒరిగిపోతే కోడ్‌ను అనుమానించకండి, నిజమైన నీటిలోనూ అది నిటారుగా నిలవదు. నిలవాలంటే గరిమనాభిని కిందికి దించండి.