ట్యాగులు ఫోటోతోనే ఉండాలి

ఫోటోలను ఒకటికి మించిన సాఫ్ట్‌వేర్లలో సర్దుకునేవారు ముందుగా ఒక సెట్టింగు చూసుకోండి. ఫోటోలను సర్దుకునే, ఎడిట్ చేసుకునే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్, మనం పెట్టిన ట్యాగులు, రేటింగులు, వివరణలను మొదట తన కేటలాగ్‌లోనే, అంటే తన సొంత డేటాబేస్‌లోనే, దాచుకుంటుంది. అదే ఫోటోను ఇంకో ప్రోగ్రాములో తెరిస్తే అవేవీ కనిపించవు. కేటలాగ్ సెట్టింగుల్లోని మెటాడేటా విభాగంలో, మార్పులను తనంతట తానే ఎక్స్‌ఎంపీలో (ఫోటో వివరాలను ఇతర ప్రోగ్రాములూ చదవగలిగేలా రాసే పద్ధతి) రాసే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. అప్పుడు జేపెగ్ అయితే వివరాలు ఆ ఫైలులోకే చేరతాయి. కెమెరా రా ఫైలయితే (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫోటో ఫైలు) పక్కనే అదే పేరుతో చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు ఏర్పడుతుంది. రా ఫైలును మరో డిస్కుకు మార్చేటప్పుడు దాన్నీ తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఏళ్ల శ్రమ అందులోనే ఉంటుంది! లైట్‌రూమ్‌లో మనం ఫోటోలతో చేసుకున్న గుంపులు, అంటే కలెక్షన్లు, మాత్రం ఇలా బయటికి రావు. అందుకే ముఖ్యమైన కలెక్షన్ పేరును అందులోని ఫోటోలన్నిటికీ కీవర్డుగా (ట్యాగుగా) కూడా ఇవ్వండి.