రామప్పలో హెరిటేజ్ వాక్ పెడుతున్నారా? చెరువు కట్ట మీద మొదలుపెట్టండి

రామప్ప గుడి ఉన్న పాలంపేట వచ్చేవాళ్లలో చాలామంది బండి దిగి నేరుగా గుళ్లోకి పోయి, మదనికల (స్త్రీమూర్తుల శిల్పాలు) దగ్గర ఫొటోలు దిగి, నీళ్లలో తేలే ఇటుకల ముచ్చట విని వెళ్లిపోతారు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. కానీ కాకతీయులు గుడి ఒక్కటే కట్టలేదు కదా, చెరువు, ఊరు, గుడి మూడూ కలిపి ఆలోచించారు. అందుకే "ఈ గుడి ఇక్కడే ఎందుకుంది?" అనే ఒక్క ప్రశ్న పట్టుకుని వాక్ మొత్తం దాని చుట్టూ అల్లండి.

ముందు కట్ట ఎక్కించండి. వెంటనే మాట్లాడొద్దు, రెండు నిమిషాలు చూడనివ్వండి. గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు ఎలా ఆపారో, కట్ట కింద పొలాలు ఎటు పారుతున్నాయో వాళ్లకే అర్థమవుతుంది. ఇక్కడ ఆయకట్టు రైతు ఒకరిని పిలిచి తూము గురించి, పంట గురించి చెప్పించండి, ఆయన టైముకి డబ్బులు కూడా ఇవ్వండి, నా లెక్కలో వాక్ మొత్తంలో ఇదే ముఖ్యమైన స్టాప్.

తర్వాత నడుచుకుంటూ గుడికి. లోపలికి పోయే ముందు శాసనం దగ్గర ఆపండి: 1213లో ఈ గుడి కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. గుడి దగ్గర అన్నీ చెప్పాలని చూడకండి, రాయి గురించి చెప్పండి చాలు. గోడలకి ఎర్ర ఇసుకరాయి, మదనికలకి నల్లరాయి, శిఖరానికి తేలిక ఇటుక, కింద ఇసుక పునాది, ఎక్కడ ఏది ఎందుకు వాడారో వాళ్లనే ఊహించి చెప్పమనండి. సరిగమలు పలుకుతాయని శిల్పాన్ని తట్టడం మాత్రం అస్సలు చేయనివ్వొద్దు, ఎనిమిది వందల ఏళ్ల పని అది.

స్టాపులు ఆరేడు మించితే జనం అలిసిపోతారు. చెప్పులు విప్పాలి కాబట్టి ఎండాకాలం బండలు కాలకముందే గుడి చేరేలా పొద్దున్నే బయల్దేరండి. పురావస్తు శాఖ పరిధి కాబట్టి బోర్డులు పాతడం, బాణం గుర్తులు వేయడం లాంటివి వద్దు, తెలుగులో గీసిన మ్యాప్ ఒకటి చేతికిస్తే సరిపోతుంది. ముందుగా ఒక పెద్దావిడతో, ఒక చిన్నపిల్లాడితో కలిసి మొత్తం దారి నడిచి చూడండి, వాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడే నీడ, మంచినీళ్లు ఉండేలా స్టాప్ మార్చండి. వానాకాలం మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతుంటే ఆ వైపు ఎవర్నీ పోనివ్వకుండా కట్ట మీదే ఆపేయండి.