ఎలుగుబంటి చావదు, మనం బతకం: యాక్షన్ ఆర్‌పీజీల్లో పోరు తూకం – సమస్య, పరిష్కారం

యాక్షన్ ఆర్‌పీజీలంటే ఒక పాత్రని నడిపిస్తూ, లెవెల్స్ పెంచుకుంటూ, అప్పటికప్పుడు పోరాడే వీడియో గేములు. వాటి పోరులో తూకం, అంటే కష్టం పాళ్లు, తప్పిందని ఆడినవాళ్లెవరూ అంకెల్లో చెప్పరు. "ఏటి, ఎంత కొట్టినా సావట్నేదు" అంటారు, "నొక్కినాను గానీ తగిలేసింది" అంటారు. ఆ మాట వినగానే ఆట కట్టినవాడు ఫైలు తెరిచి ఎలుగుబంటి ప్రాణం (ఎంత దెబ్బ తింటే చస్తుందో ఆ అంకె) సగానికి కోసేస్తాడు. మర్నాడు ఇంకోచోట చిల్లు పడుతుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం సమయంలో ఉంటుంది: శత్రువు కూలడానికి ఎన్ని సెకన్లు పడుతోంది, దెబ్బ వస్తోందని ఎంత ముందు తెలుస్తోంది, తప్పు చేశాక తేరుకోవడానికి ఎంత వ్యవధి ఉంది. అందుకని అంకె ముట్టుకునే ముందు ఫోన్లో స్టాప్‌వాచ్ తెరవండి.

ఉదాహరణకి ఒక ఆట అనుకుందాం. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటితో మొదలై, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ నది గట్టు మీదుగా సాగి, మహేంద్రగిరి శిఖరం మీద గొడ్డలి పట్టిన కావలివాడితో ముగుస్తుంది. మధ్యలో బరంపురం ఠాకురాణి యాత్రలో కనిపించే పులివేషం తీరులో ఒక మాయావి ఎదురవుతాడు. సొంతంగా ఆట కట్టేవాళ్లకీ, ఉన్న ఆటకి మాడ్ (సొంతంగా చేసుకునే మార్పు) రాసుకునేవాళ్లకీ లెక్కలు ఒకటే.

లక్షణం: బాస్ (పెద్ద శత్రువు) చావడు, విసుగొస్తోంది

ముందు లెక్క చూడండి. ఎలుగుబంటి ప్రాణం 12,000. కత్తి ఒక్క వేటుకి 90. సెకనుకి 1.2 వేట్లు. కాగితం మీద 111 సెకన్లలో అయిపోవాలి. కానీ ఆటగాడు ఎప్పుడూ కొడుతూనే ఉండడు. తప్పించుకుంటాడు, దూరం జరుగుతాడు, ప్రాణం నింపే మందు తాగుతాడు. నిజంగా కొట్టేది 40 శాతం సమయమే అనుకుంటే సెకనుకి పడేది 43.2. అంటే 278 సెకన్లు, నాలుగున్నర నిమిషాల పైమాటే. ఎలుగుబంటికి ఉన్నవి మూడే కదలికలైతే రెండో నిమిషానికే ఆటగాడికి అన్నీ కంఠతా వచ్చేస్తాయి. మిగిలిందంతా కూలిపని.

కారణాలు రెండు. ప్రాణం ఎక్కువ కావడం ఒకటి. కొట్టడానికి సందు దొరక్కపోవడం రెండోది, ఎవరూ చూడనిది ఇదే. ఎలుగుబంటి పంజా విసిరాక 0.4 సెకన్లకే మళ్లీ లేస్తే ఒక్క వేటు కూడా సరిగా పడదు.

పరిష్కారం సందు దగ్గర మొదలుపెట్టండి. పెద్ద దెబ్బ తర్వాత తేరుకునే సమయం 1.5 సెకన్లకి పెంచండి. కొట్టే సమయం 55 శాతానికి చేరితే సెకనుకి 59.4 పడుతుంది, పోరు 202 సెకన్లకి దిగుతుంది. ఆ తర్వాతే ప్రాణం 8,000 చేయండి. 135 సెకన్లు వస్తుంది. ప్రాణం సగానికి దిగినప్పుడు ఒక కొత్త కదలిక, రెండు కాళ్ల మీద లేచి మీద పడడంలాంటిది, చేర్చండి. మేం పెట్టుకునే కొలత ఇది: ఒక్కో కొత్త కదలికకి అర నిమిషం పోరు. నాలుగు కదలికలకి అటూఇటుగా రెండు నిమిషాలు, అంతకుమించి మరీ సాగదీయొద్దు. మామూలు శత్రువుకి 3 నుంచి 6 సెకన్లు, కాస్త గట్టివాడికి 15 నుంచి 25.

ఆడేవాళ్లకొక మాట. స్కైరిమ్ అనే ఆటలో లెజెండరీ అనే అన్నిటికంటే కష్టమైన స్థాయి పెట్టుకుంటే మీ దెబ్బ పావు వంతు అవుతుంది, మీకు తగిలేది మూడింతలు. శత్రువుకి తెలివి ఒక్క చుక్క పెరగదు. అదే పోరు నాలుగింతలు సాగుతుంది, అంతే. దాని కింద ఉండే ఎక్స్‌పర్ట్ స్థాయిలో మీరిచ్చే దెబ్బ 0.75 వంతు, పుచ్చుకునేది 1.5 రెట్లు. పోటీ కావాలి, సాగదీత వద్దు అనుకునేవాళ్లకి అదే మేలు.

లక్షణం: ఒక్క దెబ్బకే పోతున్నాను

మనిషి కంటితో చూసి వేలితో నొక్కడానికి దాదాపు పావు సెకను పడుతుంది. టీవీ, బ్లూటూత్ కంట్రోలర్ కలిపి ఇంకో 0.05 నుంచి 0.1 సెకను తింటాయి. కాబట్టి మామూలు దెబ్బకి కనీసం అర సెకను ముందు సైగ ఉండాలి. ప్రాణం తీసే దెబ్బకి 0.8 నుంచి 1.2 సెకన్లు. గొడ్డలి పైకెత్తిన భంగిమ, దానికి తోడు ఒక శబ్దం, రెండూ ఉండాలి.

సైగ బాగున్నా పోతున్నారంటే ఎంత తగులుతోందో చూడండి. ఆ చోటికి రావలసిన లెవెల్లో ఉన్న ఆటగాడి ప్రాణంలో మామూలు దెబ్బ 35 శాతం దాటకూడదు. రెండు తప్పులు చేసినా బతికి, మూడోదానికి పోవాలి.

రెండూ సరిగ్గానే ఉన్నాయా? అయితే చంపేది దెబ్బ కాదు, గుంపు. పులివేషగాళ్లు ముగ్గురు ఒకేసారి దూకితే 35 మూడుసార్లు, 105 శాతం. దీనికి టోకెన్ పద్ధతి వాడండి. ఆట దగ్గర రెండే టోకెన్లు ఉంటాయి, టోకెన్ ఉన్నవాడే కొట్టాలి. మిగిలినవాళ్లు చుట్టూ తిరుగుతూ బెదిరించాలి. కొట్టాక టోకెన్ తిరిగిచ్చి 1.2 సెకన్లు ఆగాలి. తెరమీద కనిపించని శత్రువుకి టోకెన్ ఇవ్వనే వద్దు. వెనక నుంచి తగిలిన దెబ్బని ఆటగాడు అన్యాయం కిందే జమకడతాడు, అందులో తప్పేమీ లేదు.

లక్షణం: డాడ్జ్ నొక్కాను, అయినా తగిలింది

డాడ్జ్ అంటే దొర్లి దెబ్బ తప్పించుకోవడం. ఈ ఫిర్యాదు వస్తే వాదించకండి. పోరుని రికార్డు చేసి ఒక్కో ఫ్రేమూ (తెర మీద వరసగా పడే ఒక్కో బొమ్మ) జరపండి. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. వరసగా ఇవి చూడాలి.

నొక్కిన ఎన్నో ఫ్రేముకి ఆటగాడికి దెబ్బ తగలని స్థితి మొదలైంది? 3 దాటితే ఆలస్యం. బొమ్మ కదిలింది గానీ రక్షణ ఇంకా రాలేదన్నమాట. కత్తి ఊపు మధ్యలో ఉండగా నొక్కితే ఆట ఆ నొక్కుడు పారేస్తోందా? 0.15 నుంచి 0.2 సెకను దాకా గుర్తుపెట్టుకునే బఫర్ పెట్టండి. రక్షణ 12 ఫ్రేములు, అంటే 200 మిల్లీసెకన్లు ఉంటే, శత్రువు దెబ్బ చురుగ్గా ఉండే సమయం అంతకంటే తక్కువ, 6 ఫ్రేముల్లాగ, ఉండాలి. దెబ్బే 15 ఫ్రేములు సాగితే ఎంత సరిగ్గా నొక్కినా చివర తోక తగులుతుంది.

ఇక హిట్‌బాక్సు, అంటే దెబ్బ తగిలిందా లేదా అని ఆట చూసే, కంటికి కనబడని హద్దు. శత్రువు ఆయుధం హిట్‌బాక్సు బొమ్మకంటే 10 నుంచి 15 శాతం చిన్నగా, ఆటగాడి ఆయుధానిది కాస్త పెద్దగా ఉంచండి. ఈ మోసం ఎవరూ పట్టుకోరు, అందరూ సంతోషిస్తారు.

ఆడేవాళ్ల వైపు చూస్తే చాలాసార్లు దోషం బరువుది. ఎల్డెన్ రింగ్‌లో మోసే బరువు పరిమితిలో 30 శాతం లోపయితే తేలిక దొర్లుడు, 70 లోపయితే మధ్యస్థం, 70 దాటితే బరువు దొర్లుడు. 70.1 దగ్గర ఆగి బాస్‌ని తిట్టే బదులు చేతి తొడుగు ఒకటి విప్పండి. డార్క్ సోల్స్ 2లో దొర్లుడు రక్షణ అడాప్టబిలిటీ అనే స్టాట్ (పాత్ర సామర్థ్యం చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. దాన్ని ముట్టుకోకుండా ఆడితే నొక్కుడు ఎంత సరిగ్గా ఉన్నా తగులుతుంది.

లక్షణం: ఇంట్లో లాప్‌టాప్‌లో ఒకలా, గేమింగ్ సెంటర్లో ఒకలా

ఇది తూకం సమస్యలా కనిపించే కోడ్ సమస్య. విషం ఫ్రేముకి 1 చొప్పున ప్రాణం తీసేలా రాస్తే 30 ఫ్రేముల కంప్యూటర్లో సెకనుకి 30, 60 ఫ్రేముల దాంట్లో 60. డాడ్జ్ రక్షణ 12 ఫ్రేములని రాస్తే పాత కంప్యూటర్లో అది 400 మిల్లీసెకన్లు అవుతుంది. నాసిరకం డబ్బా ముందు కూర్చున్నవాడే మొనగాడు. పేరున్నవాళ్లకీ ఇది తప్పలేదు: డార్క్ సోల్స్ 2 పీసీలో 60 ఫ్రేముల దగ్గర ఆయుధాలు రెట్టింపు వేగంతో అరిగేవి, 2015లో గానీ సరిదిద్దలేదు.

పరిష్కారం: వ్యవధులన్నీ సెకన్లలో రాయండి, ప్రతి ఫ్రేము కదలికనూ డెల్టా టైమ్‌తో, అంటే కిందటి ఫ్రేము నుంచి గడిచిన సమయంతో, గుణించండి, దెబ్బ తగిలిందా లేదా అన్న పరీక్ష స్థిరమైన ఫిజిక్స్ టిక్కులో (ఫ్రేములతో పనిలేకుండా సమాన వ్యవధిలో నడిచే లెక్కలో) పెట్టండి. ఆటలు కట్టే ఇంజిన్లలో యూనిటీలో అది మామూలుగా 0.02 సెకను, అంటే సెకనుకి 50. గోడోలో 60. అక్కడా ఒక ఉచ్చు ఉంది. కత్తిమొన సెకనుకి 15 మీటర్ల వేగంతో తిరిగితే 0.02 సెకనులో 30 సెంటీమీటర్లు దాటుతుంది. సన్నటి శత్రువు ఆ సందులో ఉంటే కత్తి అతనిలోంచి గాలిలా పోతుంది. కిందటి టిక్కులో కత్తి ఉన్న చోటు నుంచి ఇప్పుడున్న చోటు దాకా మధ్య దారంతా పరీక్షించాలి.

పరీక్ష మూడుసార్లు చేయండి: ఫ్రేములు 30కి బిగించి, 60కి బిగించి, లాప్‌టాప్ చార్జర్ పీకేసి. తుఫాను గాలికి కరెంటు పోయే గంజాం, శ్రీకాకుళం తీరంలో మూడోది ఊహ కాదు. బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి.

లక్షణం: కవచం వేస్తే దెబ్బే తగలదు, విప్పితే బతకను

దెబ్బలోంచి కవచాన్ని తీసివేసే సూత్రం వాడితే ఇదే జరుగుతుంది. దెబ్బ 50. కవచం 40 అయితే తగిలేది 10. 45 అయితే 5. చివరి అయిదు పాయింట్లు మనిషిని రెండింతలు గట్టివాణ్ని చేశాయి. 50 దగ్గర అమరుడు. ఇటువైపు 20 దెబ్బ ఉన్న బాకు 18 కవచం ముందు దువ్వెనతో సమానం. చకచకా కొట్టే ఆయుధాలన్నీ చచ్చిపోతాయి.

దెబ్బ × 100 ÷ (100 + కవచం) వాడండి. కవచం 100 దగ్గర సగం, 200 దగ్గర మూడో వంతు, 300 దగ్గర పావు తగులుతుంది. ప్రతి 100కీ మొదటి ప్రాణం అంత అదనంగా కలుస్తున్నట్టే లెక్క, ఎక్కడా గోడ లేదు.

శాతాలే వాడతామంటే పైకప్పు తప్పనిసరి. 80 నుంచి 85కి పోవడం అయిదు శాతంలా కనిపిస్తుంది గానీ తగిలేది 20 నుంచి 15కి దిగుతుంది, పావు వంతు తగ్గినట్టు. స్కైరిమ్ 80 దగ్గర ఆపేసింది. నాలుగు భాగాలూ తొడిగితే కవచం 567 దగ్గర ఆ గీత తగులుతుంది. ఆపైన కమ్మరి దగ్గర పోసేదంతా బూడిదలో పన్నీరే.

లక్షణం: విల్లు పడితే ఇంకేదీ అక్కర్లేదు

విల్లు దెబ్బ తగ్గించకండి. దూరం లెక్క చూడండి. ఆటగాడు సెకనుకి 6 మీటర్లు పరుగెత్తి, శత్రువు 5 మీటర్లు పరుగెత్తితే జన్మలో అందుకోలేడు. దెబ్బ సగం చేసినా ఫలితం అదే, రెట్టింపు సమయం పడుతుందంతే. వింటినారి లాగుతున్నప్పుడు నడక వేగం 40 శాతానికి దించండి. ప్రతి శత్రువు జాతిలో ఒకడికైనా 6 నుంచి 8 సెకన్లకొకసారి దూరం మింగే దూకుడు ఇవ్వండి. 25 మీటర్లు దాటాక దెబ్బ తగ్గిపోనివ్వండి. బాణాలకి ధర పెంచడం వట్టిది, ఆటగాడు సంత చుట్టూ నాలుగుసార్లు తిరిగి సంచి నింపుకొస్తాడు.

లక్షణం: మందు తాగుతూ ఉంటే చావే లేదు

ఆట ఆపి, సంచి తెరిచి, పదిహేను సీసాలు తాగనిస్తే ప్రాణం అంకెకి అర్థం లేదు. సీసాలు 4 లేదా 5కి పరిమితం చేసి మజిలీ దగ్గరే నింపండి. ఒక్కోటి 35 నుంచి 40 శాతం ప్రాణం ఇవ్వాలి, తాగడానికి 1.2 సెకన్లు పట్టాలి, ఆట ఆగకూడదు. ఆ 1.2 సెకన్లు ఎలుగుబంటి ఇచ్చే సందులో ఇమడాలి కాబట్టే పైన 1.5 అన్నది.

లక్షణం: పదో లెవెల్ దాటాక అంతా దూదిపింజ, లేదా లెవెల్ పెరిగినా లాభం లేదు

రెండూ ఎదుగుదల రేటు తప్పులే. లెవెల్‌కి ఆటగాడి దెబ్బ 12 శాతం, శత్రువు ప్రాణం 8 శాతం పెరుగుతుంటే ఇరవై లెవెల్స్ తర్వాత దెబ్బ 9.6 రెట్లు, ప్రాణం 4.7 రెట్లు. పోరు సగం సమయంలో ముగుస్తుంది. రెండు రేట్లూ ఒకటి చేసి, ఎదుగుదలని కొత్త కదలికల్లో చూపించండి.

రెండో తప్పు 2006 నాటి ఆబ్లివియన్ అనే ఆటలో ప్రసిద్ధం. ఆటగాడితో పాటు లోకమంతా పెరిగి, దారిదోపిడీగాళ్లు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు తొడుక్కుని వచ్చేవారు. దీనికి పరిష్కారం ఇలాకాల వారీ లెవెల్ హద్దులు. జీడితోటలు 1 నుంచి 8, మహేంద్రతనయ గట్టు 6 నుంచి 14, మహేంద్రగిరి 12 నుంచి 22. ఆ హద్దుల్లోనే శత్రువు పెరగాలి. ఇరవయ్యో లెవెల్లో తోటకి తిరిగొస్తే అక్కడి మామూలు శత్రువు రెండు వేట్లకి కూలాలి, ఆ సరదా ఆటగాడి కష్టార్జితం.

మంత్రగాడు చివర్లో దేవుడైపోవడం కూడా ఇక్కడి చుట్టమే. 30 శాతం బలం ఇచ్చే నగలు అయిదు తొడిగి ఒకదాన్నొకటి గుణిస్తే 3.71 రెట్లు, కూడితే 2.5 రెట్లు. ఒకే రకం బలాలని కూడండి. వేర్వేరు రకాల మధ్యే గుణకారం, అదీ మూడు రకాలు మించకుండా.

మార్చాక పరీక్ష ఎలా

అయిదుగురు, ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు. రాసుకోవలసినవి: పోరు సెకన్లు, ఏ దెబ్బకి పోయారు, మిగిలిన సీసాలు, నిజంగా కొట్టిన సమయం శాతం. ఒకసారికి ఒకే అంకె మార్చండి. 10 శాతం మార్పు ఎవరికీ తెలియకపోతే 25 చేసి చూడండి. సందులు 1.5 నుంచి 2 సెకన్లు చేస్తూనే ప్రాణం కూడా తగ్గిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఆడించేటప్పుడు వెనక నిలబడి చెప్పకండి. అయిదుగురిలో ఒకరు ఒడియా మాత్రమే చదవగలిగినవారై ఉండేలా చూడండి. బరంపురం, రాయగడ వైపు అలాంటి స్నేహితుడు పక్కింట్లోనే దొరుకుతాడు. తెలుగు సూచనలు చదవకుండా అతను గొడ్డలి సైగని మూడో ప్రయత్నంలోపు పట్టుకుంటే ఆ సైగ నిలిచినట్టు. పట్టుకోలేకపోతే భంగిమ ఇంకా పెద్దది చేయాలి, శబ్దం ఇంకా ముందుకి జరపాలి. పాత అంకెని చెరపకుండా పక్క నిలువులో తేదీ వేసి ఉంచుకోండి, నాలుగో వారంలో వెనక్కి వెళ్లాల్సి వచ్చేది అక్కడికే.