ఇంట్లో కుక్క ఉంటే లివర్‌ని ఎలా కాపాడుకోవాలి

మా అత్తయ్యకి గ్యాస్ అనుకున్నాం. కుడి పక్కటెముకల కింద బరువుగా ఉందని ఏడాదిగా అంటుంటే వాము, జీలకర్ర నీళ్లతో సరిపెట్టాం. చివరికి స్కానింగ్ తీయిస్తే లివర్లో 9 సెంటీమీటర్ల తిత్తి. మందు వాసన కూడా పడని మనిషికి లివర్ పాడవడమేంటని ఇల్లంతా టెన్షన్. డాక్టరుగారు మాత్రం ముందు ఒకటే అడిగారు: "మీ ఇంట్లో కుక్క ఉందా అమ్మా?"

ఉంది. మర్రిపాలెంలో మా పెరట్లో ఆరేళ్లుగా బ్రౌనీ ఉంది. ఆదివారం వేటమాంసం తెచ్చినప్పుడల్లా దానికి పచ్చి కార్జం ముక్కలు వేసింది నేనే.

ఆ ముక్కలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఎర్రటి కార్జం మీద నిమ్మకాయంత తెల్లని బుడగ, వేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలేవి. కొట్టాయన "ఇది మీకొద్దమ్మా, కుక్కకి పడేయండి" అని వేరే కవర్లో కట్టి ఇచ్చేవాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు, నేనూ ప్రేమగానే పెట్టాను. రోగం తిరిగే దారి సరిగ్గా అదే.

ఇది ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు పని. బద్దెపురుగంటే మూరెడు పొడవు ఊహించుకుంటాం గానీ ఇది 2 నుంచి 7 మిల్లీమీటర్లే, బియ్యపు గింజకి మించదు. గొర్రె కార్జంలోని బుడగని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో పెద్ద పురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో బయటికొచ్చి మట్టికి, బొచ్చుకి అంటుకుంటాయి. తేమ ఉన్న నేలలో నెలల తరబడి బతుకుతాయి. గడ్డితోపాటు గొర్రె తింటే గొర్రెకి, కడగని కొత్తిమీరతోనో చేతులతోనో మన నోట్లోకి వెళ్తే మనకి తిత్తి వస్తుంది. వండిన వేటమాంసం తినడం వల్ల ఇది రాదు, మనిషి నుంచి మనిషికీ అంటుకోదు. అత్తయ్య పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టమన్న చుట్టాలకి ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల పేగు గోడని తొలుచుకుని రక్తంలో పడితే ముందు తగిలేది లివరే. అందుకే సుమారు 70 శాతం తిత్తులు అక్కడే ఆగుతాయి. ఆ తరవాత జరిగేది నాకు తాటిముంజతోనే అర్థమైంది. ఆపరేషన్ అయ్యాక స్టీలు ట్రేలో చూపించిన పొర అచ్చం లేత ముంజలాగే తెల్లగా, వణుకుతూ ఉంది. ఆ పొర, అందులోని తేట నీళ్లు పురుగువి. చుట్టూ ఉన్న గట్టి పెచ్చు మాత్రం మన శరీరం కట్టింది. పురుగుని చంపలేని శరీరం దాన్ని గోడ కట్టి బంధిస్తుంది. లివర్లో నక్షత్రం ఆకారపు కణాలుంటాయి. మామూలుగా అవి విటమిన్ ఎ దాచుకుంటాయి. రక్షణ కణాల నుంచి సంకేతం అందితే ఆ పని వదిలేసి కొల్లాజెన్ అనే గట్టి పీచు తయారుచేస్తాయి. ఏళ్ల తరబడి పీచు మీద పీచు పేరుకుని మచ్చ అవుతుంది. తిత్తి పెరిగేకొద్దీ పక్కనున్న మంచి లివర్ నలిగిపోతుంది, పైత్యరసం గొట్టాలు నొక్కుకుపోతే కామెర్లు వస్తాయి. ఊరట ఏంటంటే మచ్చ తిత్తి చుట్టూనే ఉంటుంది, లివరంతా సిరోసిస్‌లా గట్టిపడదు. చలిదేశాల్లో నక్కల ద్వారా వచ్చే మల్టీలాక్యులారిస్ అనే దీని దాయాదికి ఆ హద్దు లేదు. అది క్యాన్సర్‌లా లోపలికి పాకుతూ, వెంట మచ్చనీ పరుచుకుంటూ పోతుంది.

కుక్కని వదిలించుకోవద్దు. దాని గిన్నెలో పెట్టేది మార్చండి. కార్జం, ఊపిరితిత్తులు పెట్టాలనుకుంటే అరగంట బాగా ఉడికించాకే పెట్టండి. బుడగ ఉన్న ముక్కని చెత్తబుట్టలో వేస్తే వీధికుక్క లాగేస్తుంది, కాబట్టి లోతుగా పూడ్చండి లేదా కాల్చేయండి. నులిపురుగుల మందు కొనేటప్పుడు అందులో ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో చూడండి, అది లేని మందు ఈ పురుగుని చంపదు. పురుగు గుడ్లు పెట్టే దశకి రావడానికి ఆరేడు వారాలు పడుతుంది. అందుకే బ్రౌనీకి పశువుల డాక్టరు బరువు చూసి రాసిన మాత్ర 45 రోజులకోసారి వేస్తున్నాం. మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్లని చంపదు. కాబట్టి మాత్ర వేశాక రెండు మూడు రోజులు మలాన్ని గ్లవ్స్ వేసుకుని ఎత్తి పూడ్చాలి.

పెరట్లో కొత్తిమీర మడికి వల కట్టాం. రైతుబజారు ఆకుకూరైనా సరే, పారే నీళ్లలో ఒక్కో రెమ్మా విడదీసి కడగాలి. శానిటైజర్ ఈ గుడ్లని ఏమీ చేయలేదు, ఫ్రిజ్ చలి కూడా అంతే. సబ్బుతో రుద్ది కడగడం, వండటమే దారి. పిల్లలు కుక్కతో ఆడాక చేతులు కడగనిదే పళ్లెం ముందు కూర్చోనివ్వను.

ఇక స్కానింగ్‌లో తిత్తి కనిపిస్తే, దయచేసి తొందరపడి సూది గుచ్చనివ్వకండి. మొదట వెళ్లిన చోట నీళ్లు తీసి టెస్టుకి పంపుదామన్నారు. ఆ నీళ్లు కడుపులోకి కారితే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రావచ్చు, కొత్త తిత్తులూ పుట్టొచ్చు. సూదితో చేసే చికిత్స ఉంది, కానీ ముందుగా మందు మొదలుపెట్టి, ఎలర్జీని ఎదుర్కొనే ఏర్పాట్లతో, అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. విశాఖలోని కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో చూపించుకుని, తిత్తి ఏ దశలో ఉందో అడగండి. సీఈ1 నుంచి సీఈ5 దాకా దశలుంటాయి. గట్టిపడి సున్నం పట్టిన నాలుగు, ఐదు దశలు ఇబ్బంది పెట్టకపోతే కనిపెట్టుకుని ఉంటే చాలంటారు. అత్తయ్యది రెండో దశ, అడ్డంగా కోసిన బత్తాయిలా లోపల గదులు గదులుగా పిల్లతిత్తులు. అందుకే ఆపరేషన్ తప్పలేదు.

ఈ తిత్తికి మనుషులకిచ్చే మందు ఆల్బెండజోల్. ఒక్క మాత్రతో అయ్యేది కాదు, నెలల తరబడి వాడాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. అత్తయ్య నెయ్యి వేసిన పప్పన్నం తిని వేసుకునేది. మధ్యమధ్యలో లివర్ పరీక్ష, రక్తకణాల పరీక్ష తప్పనిసరి. గర్భిణులు డాక్టరుకి చెప్పకుండా ముట్టకూడదు.

ఆపరేషన్ అయి రెండేళ్లు. తిత్తి ఉన్న చోట ఇప్పుడు చిన్న మచ్చే కనిపిస్తోంది. ఏళ్ల తరవాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి స్కానింగ్ మానలేదు. తరవాతిది సంక్రాంతి అయ్యాక.