కారణం చెప్పకుండా మైనస్ ఓటు పడితే ఏం చేయాలి?

తిరుపతి కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే పిల్లలు ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు పెట్టడం మొదలుపెడతారు. వాళ్లలో చాలామంది దిగులుపడే విషయం ఇది.

సమస్య: ప్రశ్న పెట్టిన కాసేపటికే స్కోరు మైనస్‌లోకి పోయింది. ఎవరు వేశారో తెలియదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

కారణం: ఓటు వేసినవాళ్ల పేరు అక్కడ కనిపించదు, కారణం రాయాలన్న నియమమూ లేదు. "ఎందుకు వేశారు?" అని కామెంట్ పెడితే జవాబు రావడం అరుదు. ప్రశ్న పక్కన ఉన్న కింది బాణం మీద మౌస్ పెట్టి చూడండి: సొంత ప్రయత్నం కనిపించడం లేదు, స్పష్టత లేదు, ఉపయోగం లేదు అనే అర్థంలో ఒక వాక్యం వస్తుంది. చెప్పని కారణం చాలాసార్లు అందులోనే ఉంటుంది.

పరిష్కారం: అలిపిరి బస్సుల టైమింగ్స్ మీద పైథాన్ ప్రాజెక్టు అనుకుందాం. "ప్లీజ్ హెల్ప్, అర్జెంట్" అని టైటిల్, కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో. ఫోటోలోని కోడ్‌ని కాపీ చేసి నడిపి చూడటం ఎవరివల్లా కాదు. టైటిల్‌ని "సీఎస్‌వీలో టైమ్ కాలమ్ ఉన్నా కీఎర్రర్ ఎందుకు వస్తోంది?" అని మార్చండి (సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైల్, కీఎర్రర్ అంటే అడిగిన పేరు దొరకలేదని పైథాన్ చెప్పే ఎర్రర్). ఫైల్ మొదటి మూడు లైన్లు, తప్పు వస్తున్న నాలుగు లైన్ల కోడ్, ఎర్రర్ మొత్తం టెక్స్ట్‌గా పెట్టండి. అలా పేస్ట్ చేస్తున్నప్పుడే కాలమ్ పేరు వెనక ఒక స్పేస్ మీ కంటపడొచ్చు, అడగాల్సిన పనే ఉండదు!

ఎడిట్ చేయడానికి ఇంకో గట్టి కారణం ఉంది. వేసిన ఓటు కొద్ది నిమిషాల్లో లాక్ అయిపోతుంది. పోస్ట్ మారితేనే దాన్ని వెనక్కి తీసుకోవడం కుదురుతుంది. డిలీట్ చేసి అదే ప్రశ్న మళ్లీ పెట్టకండి. మైనస్‌లు పడ్డ ప్రశ్నలు ఎక్కువైతే సైట్ మిమ్మల్ని కొత్తవి అడగకుండా ఆపేయొచ్చు, డిలీట్ చేసినవి కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

మీరు రాసిన జవాబుకి మైనస్ పడితే: వేసినవాళ్లకూ సైట్‌లో వాళ్ల పేరు మీదున్న పాయింట్లలో ఒకటి పోతుంది, కాబట్టి ఊరికే వేయరు. కోడ్‌ని మళ్లీ నడిపి చూడండి.

వరసగా మీ పాత పోస్టులన్నిటికీ పడితే: ఎవరో కక్షగట్టి ఉండొచ్చు. అలాంటి ఓట్లను సిస్టమ్ రోజూ వెతికి రద్దు చేస్తుంది. ఒకట్రెండు రోజులు ఆగినా పోకపోతే సైట్‌ని చూసుకునే మోడరేటర్‌కి ఫ్లాగ్ చేయండి, అంటే ఫిర్యాదు పంపండి.

పాయింట్ల గురించి టెన్షన్ వద్దు. మైనస్‌కి పోయేది 2, ప్లస్‌కి వచ్చేది 10.