నలభై ఐదు దాటాక తిండి, నడక, బలం: ఇంటి దగ్గరే ఎలా సరిచేసుకోవాలి?

ఇంట్లో అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగిలితే అదే తన భోజనం అనుకునే ఆడవాళ్లు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇప్పటికీ తక్కువేం లేరు. కూర అయిపోతే తొక్కు వేసుకుంటారు. పప్పు లేకపోతే పచ్చిపులుసు పోసుకుంటారు. ముప్పై ఏళ్లప్పుడు ఇది ఎట్లనో గడిచిపోతుంది. నలభై ఐదు దాటాక గడవదు.

మన దేశంలో ఆడవాళ్లకు ముట్లు ఆగే సగటు వయసు దాదాపు 46–47 ఏళ్లు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఈ మార్పు వయసుతో పని లేకుండా వెంటనే వచ్చేస్తుంది. ఆడవాళ్ల ఒంట్లో అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గాక మొదటి కొన్నేళ్లలో ఎముకలు వేగంగా పలచబడతాయి. కండ తగ్గుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చప్పుడు చేయకుండా పెరుగుతుంటాయి.

దీనికి డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు అక్కర్లేదు. ముందు మారాల్సింది వడ్డన.

1. ముందు టేపు, తర్వాత దవాఖాన

బట్టలు కుట్టే టేపు తీసుకోండి. ఊపిరి వదిలి, పొట్ట లోపలికి పీల్చకుండా, చివరి పక్కటెముకకు తుంటి ఎముకకు మధ్యలో నడుము చుట్టూ కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. బరువు కంటే ఈ కొలతే ఎక్కువ చెబుతుంది. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నవాళ్లు "నేను లావు లేను" అనుకుని మోసపోతారు.

30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో ఉచితంగా చేస్తారు. అదే చేత్తో రక్తం ఎంతుందో చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. ఊరికే ఆయాసం, నీరసం వస్తుంటే "వయసు అయింది" అని సరిపెట్టుకోవద్దు. రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ కావొచ్చు.

2. వండగానే మీ గిన్నె తీసిపెట్టుకోండి

పొయ్యి మీది నుంచి దించగానే మీ వంతు పప్పు, కూర ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టండి. గుడ్లు వండితే మీ గుడ్డు అందులోనే. మొదట్లో మొహమాటంగా ఉంటుంది. అత్తమ్మకు, ఆయనకు, కాలేజీ నుంచి వచ్చే బిడ్డకు తీసిపెట్టే చెయ్యే ఇదీ. ఇంకో గిన్నె ఎక్కువైతే బరువేం కాదు. ఎవరైనా అడిగితే డాక్టర్ చెప్పిండని అనేయండి, గొడవ ఉండదు.

ఇక కంచం. సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప, కోడికూర లాంటివి. మిగతా పావు మాత్రమే అన్నం గానీ రొట్టె గానీ. మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. కంచం నిండా అన్నం, మూలకు కూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి అన్ని రకాల ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని ఉంది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకంలో మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి. అంటే రోజుకు 200 గ్రాములు. ధాన్యం వాటా చాలా వరకు అక్కడే తీరిపోయింది. ఆ పైన కొనాల్సింది బియ్యం కాదు, కందిపప్పు, గుడ్లు, కూరగాయలు.

జొన్నరొట్టె గురించి ఒక మాట. నారాయణపేట, గద్వాల వైపు రోజూ చేసే ఇళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. పీచు ఉంటుంది, కడుపు నిండినట్టు ఉంటుంది, రాత్రి అన్నం బదులు రెండు రొట్టెలు మంచివే. కానీ షుగర్ ఉన్నవాళ్లు "జొన్నే కదా" అని నాలుగు తింటే అన్నం తిన్నట్టే. ఇప్పుడు పట్నంలో మిల్లెట్ బిస్కెట్లు అని అమ్మేవాటిలో చక్కెర, నూనె ఎంతుందో చూసి కొనండి. ఆ డబ్బుతో కిలో జొన్నలు పట్టించుకుంటే నయం.

3. పప్పు చిక్కగా, గుడ్డు రోజూ

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అని లెక్క. 60 కిలోలున్న మనిషికి సుమారు 50 గ్రాములు. పలుచటి పప్పుచారు మూడు గంటెలు పోసుకుంటే అందులో పప్పు ఎంతుంటుంది? పచ్చిపులుసులో అయితే అసలే ఉండదు. వేయించిన పల్లీలు, నువ్వులు దంచి కలిపితే కొంత మేలు.

50 గ్రాములు చేరుకోవడానికి ఒక రోజు లెక్క ఇట్ల ఉంటుంది. రెండు గుడ్లకు 12 గ్రాములు. పిడికెడు, అంటే 30 గ్రాముల పల్లీలకు 7. గ్లాసు పెరుగుకు 6. 40 గ్రాముల కందిపప్పుతో చేసిన చిక్కటి పప్పుకు దాదాపు 9. రెండు జొన్నరొట్టెలకు 10. వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నానికి 7 లేదా 8. బరువైన వంట ఏదీ లేదు చూడండి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీ ఇంట్లోనే పండుతుంది. నూనెలో వేయించకుండా ఉడికించి తినండి.

సోమవారం, శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఆ రోజు సెనగ గుడాలో, బబ్బెర గుడాలో చేసుకోవచ్చు. మీల్‌మేకర్ కూరలో కూడా మాంసకృత్తులు బాగా ఉంటాయి. ఒక్కపొద్దు ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక: షుగర్ మాత్రలు వేసుకుంటుంటే, ఇన్సులిన్ తీసుకుంటుంటే డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. షుగర్ ఒక్కసారిగా పడిపోతే కళ్లు తిరిగి పడతారు. మాత్రలు లేనివాళ్లు కూడా ఆ రోజు పూరీలు, అటుకులు, సగ్గుబియ్యంతో కడుపు నింపుకోకుండా పెరుగు, పండ్లు, పల్లీలు తీసుకుంటే ఒక్కపొద్దూ దక్కుతుంది, ఒళ్లూ దక్కుతుంది.

4. ఎముకలకు కాల్షియం, ఊరికి మంచి నీళ్లు

ముట్లు ఆగాక రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 200 మిల్లీలీటర్ల పాలల్లో దాదాపు 240 ఉంటుంది. 30 గ్రాముల తైద పిండితో కాచిన అంబలిలో 100కు పైనే. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచా అయినా 100 దాటుతుంది. బతుకమ్మ పండుగప్పుడు చేసే నువ్వుల ముద్దలను పండుగకే వదిలేయకండి, బెల్లం తగ్గించి నువ్వుల పొడి చేసి పెట్టుకుంటే కూరల్లో, రొట్టె మీద చల్లుకోవచ్చు. మునగాకు పెరట్లోనే ఉంటుంది, పప్పులో వేయండి. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది తక్కువ. తోటకూర, పొన్నగంటి, గంగవాయిలి మార్చి మార్చి వండుకోండి. పొద్దున ఎండలో కాసేపు చేతులు, మెడ తగిలేట్టు ఉంటే విటమిన్ డి కొంత వస్తుంది. చాలామందికి అదీ చాలదు, పరీక్ష చేసి డాక్టరు మాత్ర ఇస్తారు.

నల్లగొండ వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు చుట్టుపక్కల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయని మళ్లీ వాటికి మళ్లకండి, మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగడానికి, వండడానికి వాడండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపదు. టీ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి రోజుకు అయిదారు చాయలు తాగే అలవాటు ఉంటే రెండుకు తగ్గించండి.

ఇంకా ముఖ్యమైనది: చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లు కీళ్లనొప్పులకు ఏ దవాఖానకు పోయినా ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే జబ్బు ఉన్న ఎముక స్కానింగ్‌లో చిక్కగా, గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. రిపోర్టు బాగుందని ధీమాగా ఉంటే పడినప్పుడు విరుగుతుంది.

5. ఉప్పు, నూనె, చాయ

రోజుకు ఉప్పు అంతా కలిపి ఒక చెంచా, అంటే 5 గ్రాములు. తొక్కులు, అప్పడాలు, చుడువలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నూనె మనిషికి నెలకు లీటరులోపే. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగండి. దాని బదులు భోజనం తర్వాత సగం బత్తాయి తింటే ఐరన్ బాగా పడుతుంది. నల్లగొండలో బత్తాయికి కరువేం లేదు కదా.

6. పని వేరు, కసరత్తు వేరు

"పొద్దంత పనే గద అక్కా, మళ్ల వాకింగ్ ఎందుకు?" అని ఎవరైనా అడిగితే కాదనలేం. పత్తి ఏరి, కలుపు తీసి వచ్చిన మనిషిని మళ్లీ నడవమనడం న్యాయం కాదు. కానీ పొలం పనిలో నడుము, ఒకే రకం కండరాలు రోజంతా అరుగుతాయి, మిగతావి వాడకంలోకే రావు. పోచంపల్లి, ఆలేరు వైపు ఆసు పోసే, అంటే చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆడవాళ్ల భుజాలు చూడండి. చేతిని రోజుకు వేలసార్లు అటూ ఇటూ ఆడించినా బలం రాలేదు, నొప్పి వచ్చింది. తల్లి పడే ఆ నొప్పి చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పొలంలో పనిచేసేవాళ్లకు కావాల్సింది విశ్రాంతి, బలం పెంచే కసరత్తు. కుట్టుమిషన్ దగ్గర, కిరాణా షాపులో, ఆఫీసులో కూర్చునేవాళ్లకు నడక కూడా కావాలి.

నడక వారానికి కనీసం 150 నిమిషాలు. రోజుకు అరగంట చొప్పున 5 రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. అరగంట దొరక్కపోతే ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడవండి, షుగర్‌కు అది ఇంకా మంచిది. పానగల్లు ఉదయసముద్రం కట్ట, మహబూబ్‌నగర్ పెద్దచెరువు కట్ట లేకపోయినా మిద్దె మీద చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పొద్దున 7 లోపే ముగించండి. ఆర్టీసీ బస్సు ఎట్లాగూ ఉచితమే. వచ్చేటప్పుడు ఒక స్టాప్ ముందే దిగితే టికెట్ డబ్బులు పోయాయన్న బాధ కూడా ఉండదు.

బలం కోసం వారానికి కనీసం రెండు రోజులు ఇవి చేయండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, మెల్లగా లేచి మెల్లగా కూర్చోండి. 10 సార్లు. దబ్బున కూలబడితే లాభం లేదు, కూర్చునేటప్పుడే కండకు పని. తర్వాత గోడకు చేయి దూరంలో నిలబడి అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వెళ్లి వెనక్కి తోయండి. ఇదీ 10. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు, రెండు చేతుల్లో రెండు పట్టుకుని తల మీదికి ఎత్తి దించండి. భుజం నొప్పి ఉంటే మోచేయి వంచడం వరకే చాలు. గిన్నెలు కడిగేటప్పుడు గట్టును పట్టుకుని ఒక కాలి మీద 10 సెకన్లు నిలబడడం అలవాటు చేసుకుంటే తూలిపడే భయం తగ్గుతుంది.

మోకాళ్లు నొస్తే గొంతుక్కూర్చోవద్దు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి 5 సెకన్లు ఆపి దించండి, రెండో కాలు కూడా. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నొప్పి ఉందని పూర్తిగా కూర్చుండిపోతేనే మోకాలు ఇంకా బిగుస్తుంది.

చాలామంది బయటికి చెప్పని కారణం ఒకటుంది. దగ్గినా, నవ్వినా, వడివడిగా నడిచినా మూత్రం చుక్కలు పడతాయని నడక మానేస్తారు. ఇది కాన్పుల తర్వాత, ముట్లు ఆగాక మామూలుగా కనిపించేదే, సిగ్గుపడాల్సిందేం లేదు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను 5 సెకన్లు బిగించి 5 సెకన్లు వదలండి. 10 సార్లు, రోజుకు మూడుపూటలా. సీరియల్ చూస్తూ చేసినా ఎవరికీ తెలియదు. మూత్రం పోసేటప్పుడు మాత్రం సాధన చేయొద్దు. రెండు మూడు నెలలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది.

7. ఒళ్లు వేడెక్కినప్పుడు, నిద్ర పట్టనప్పుడు

ముట్లు ఆగే రోజుల్లో ఉన్నట్టుండి ముఖం, మెడ వేడెక్కి చెమటలు పడితే టెన్షన్ పడకండి. కొందరికి కారం, వేడి చాయతో ఇది ఎక్కువవుతుంది, రాత్రి పూట అవి తగ్గించి చూడండి. పలుచటి నూలు బట్టలు వేసుకోండి. రాత్రి 8 లోపే తినేస్తే నిద్ర నయం. రోజూ నిద్ర చెడుతుంటే, మనసు దిగులుగా ఉంటుంటే గైనకాలజిస్టును కలవండి, మందులున్నాయి.

ఛాతీలో బిగుతు, ఎడమ చేతికి, దవడకు పాకే నొప్పి, కొద్ది దూరానికే ఆయాసం ఉంటే కసరత్తు మొదలుపెట్టకుండా ముందు దవాఖానకు. ఏడాది పాటు ముట్లు ఆగి, తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆగొద్దు. వేడి చేసిందనో, బరువు ఎత్తాననో అనుకోకుండా ఆ వారంలోనే చూపించుకోండి. గర్భసంచి క్యాన్సర్ తొలిదశలో పట్టుబడేది చాలాసార్లు ఆ ఒక్క లక్షణంతోనే.